నాయకుడి ఆకర్షణకి ఓట్లెన్ని? సిక్కోలు, విజయనగరం లెక్కలు కావాలి

పెదపాడు కుర్రోడు

మాస్టార్లకి నమస్కారం. ఎమ్మే రాజనీతి శాస్త్రం ప్రాజెక్టుకి ‘నాయకుడి ఆకర్షణ, పనితీరు – గెలుపోటములు’ అని విషయం ఇచ్చారు. సిద్ధాంతం పుస్తకాల్లో దొరుకుతోంది. మన రెండు జిల్లాల మీద పెట్టి చూస్తే మాత్రం ఎక్కడా అతకట్లేదు. మైకు పట్టుకుంటే జనం ఊగిపోయేవాళ్లు ఓడిపోతారు. నాలుగు ముక్కలు సరిగ్గా మాట్లాడనివాళ్లు ఐదుసార్లు గెలుస్తారు. 2019 జనవరి 9న జగన్ పాదయాత్ర 3,648 కిలోమీటర్లు నడిచి ఇచ్ఛాపురంలో ముగిసింది. రాష్ట్రంలో 175కి 151 వచ్చాయి, ఇచ్ఛాపురం మాత్రం రాలేదు!

ఆకర్షణని ఓట్లలో కొలిచే దారి ఏదైనా ఉందా? గాలి గట్టిగా వీచినప్పుడు అభ్యర్థి సొంత పేరు పనికొస్తుందా? సభకి వచ్చిన జనం ఓటుగా ఎందుకు మారరు? ఏ పార్టీ మంచిదన్న గొడవ వద్దు, లెక్క చెప్పండి చాలు.

ఫారం ఇరవై

కొలవొచ్చు తమ్ముడూ. మనకి అసెంబ్లీ, లోక్‌సభ ఒకేరోజు జరగడం పెద్ద వరం. ఒకే బూతు, ఒకే ఓటరు, ఒకే పూట, పక్కపక్కన రెండు యంత్రాలు. తెల్ల కాగితం ఉన్నది లోక్‌సభకి, గులాబీ కాగితం ఉన్నది అసెంబ్లీకి. రెండింటిలోనూ అవే పార్టీలు, అవే గుర్తులు, అదే ముఖ్యమంత్రి అభ్యర్థి. అయినా ఒక యంత్రంలో సైకిలు, రెండోదాంట్లో ఫ్యాను నొక్కాడంటే ఆ తేడా మనిషిని చూసి పడిందే. క్రాస్ ఓటింగ్ అంటారు దీన్నే.

శ్రీకాకుళం లోక్‌సభ 2019 తీసుకో. ఏడు అసెంబ్లీల్లో పలాస, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైసీపీకి వెళ్లాయి. ఇచ్ఛాపురం, టెక్కలి టీడీపీకి మిగిలాయి. వైసీపీ గెలిచిన ఐదింటి మెజారిటీలు కలిపితే 70 వేల పైచిలుకు, టీడీపీ గెలిచిన రెండింటివి కలిపితే 15 వేల పైచిలుకు. అంటే అసెంబ్లీ ఓట్ల ప్రకారం వైసీపీ సుమారు 55 వేలు ముందుంది. అదే బూతుల్లో, అదే రోజు లోక్‌సభకి పడినవి చూడు: రామ్మోహన్ నాయుడుకి 5,34,544, ప్రత్యర్థికి 5,27,891. 6,653 ఓట్లతో టీడీపీ గెలిచింది.

55 వేలు వెనక నుంచి 6 వేల పైన ముందుకి, మొత్తం 61 వేల పైచిలుకు కదలిక. ఒకరు ఇటునుంచి అటు మారితే తేడా రెండు ఓట్లు కదులుతుంది కాబట్టి దాన్ని సగం చెయ్యి. సుమారు 30 వేల మంది. నూటికి ముగ్గురు కూడా నిండా లేరు. ఆ ముగ్గురితోనే సీటు దక్కింది. రాష్ట్రంలో టీడీపీకి వచ్చిన మూడు ఎంపీ సీట్లలో అదొకటి.

పక్కనే విజయనగరం లోక్‌సభలో ఏం జరిగిందో చూడు. టీడీపీ తరఫున నిలబడ్డ అశోక్ గజపతిరాజు 48,036 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ‘రాజావారి పని అయిపోయింది’ అని రాసేశారు అప్పట్లో. ఆ ఏడు అసెంబ్లీల్లో (ఎచ్చెర్ల, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం) టీడీపీ ఓడిన తేడాలు కలిపితే లక్షా 30 వేల పైన. ఆయన ఓడింది 48 వేలతో. ఇదే సూత్రం పెడితే 40 వేల మంది దాకా ఆయన్ని చూసి గుర్తు మార్చారు. అంటే ఓడిన అశోక్‌కి పడిన సొంత ఓటు, గెలిచిన రామ్మోహన్ సొంత ఓటు కంటే ఎక్కువ! గెలిచాడు కాబట్టి ఆకర్షణ ఉంది, ఓడాడు కాబట్టి లేదు అని రాశావనుకో, ప్రాజెక్టు మొదటి పేజీలోనే పప్పులో కాలేసినట్టు. ఆకర్షణ సీటు ఇస్తుందా లేదా అన్నది గాలి ఎంత లోతున ముంచింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కోట జంక్షన్

లెక్క బాగుంది మాస్టారూ, కానీ ఆ 30 వేలకి ‘ఆకర్షణ’ అని పేరు పెట్టడం దగ్గరే నాకు పేచీ. మూడు అభ్యంతరాలు చెప్తాను.

ఒకటి, ప్రత్యర్థి. నచ్చని అభ్యర్థిని తప్పించుకోడానికి అవతలివాడికి వేసిన ఓటు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది. రెండోది కులం. సిక్కోల్లో కాళింగ, తూర్పు కాపు, వెలమ సమీకరణం అసెంబ్లీకి ఒకలాగ, పార్లమెంటుకి ఒకలాగ తిరుగుతుంది. ఎమ్మెల్యేకి తన కులంవాణ్ని చూసి వేసినవాడు ఎంపీకి వేరే గుర్తు నొక్కితే అది ఆకర్షణ ఎలా అవుతుంది? మూడోది, నా ఉద్దేశంలో అసలుది. ఎంపీకి శత్రువులు తక్కువ. ఇసుక, రేషన్ డీలరు, అంగన్‌వాడీ పోస్టు, స్టేషన్ పంచాయితీ, కాంట్రాక్టు బిల్లు... వీటన్నిటి తిట్లూ ఎమ్మెల్యే ఖాతాలోకి వెళ్తాయి. ఎంపీ ఢిల్లీలో మాట్లాడిన వీడియో ఫోన్లో చూస్తారు, పెళ్లికి వస్తే ఫొటో దిగుతారు. కాబట్టి ఎంపీ అభ్యర్థికి ఎమ్మెల్యే అభ్యర్థుల కంటే నాలుగు ఓట్లు ఎక్కువ రావడం ఆ పదవికే ఉన్న లాభం.

అశోక్ విషయంలో నీ అంకెతో నాకు గొడవ లేదు, దాని అర్థంతోనే. మాక్స్ వెబర్ అధికారాన్ని మూడు రకాలుగా చెప్పాడు: సంప్రదాయం వల్ల వచ్చేది, మనిషి ఆకర్షణ వల్ల వచ్చేది, చట్టం–పదవి వల్ల వచ్చేది. విజయనగరం కోటది మొదటిది. అశోక్ తండ్రి పీవీజీ రాజు 1958లో పెట్టిన మాన్సాస్ ట్రస్టు, దాని కింద కాలేజీలు, అక్కడ చదువుకున్న మూడు తరాలు – అది ఉపన్యాసంతో వచ్చిన పేరు కాదు. అశోక్ 1978లో జనతా పార్టీ నుంచి మొదలుపెట్టి ఎన్నిసార్లు గెలిచారో చూడు, వేదిక మీద ఊపేసే రకమేమీ కాదు. అదే మనిషి 2004లో సొంత పట్టణంలో స్వతంత్ర అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి చేతిలో ఓడిపోయారు. అంటే ఆ సంప్రదాయం కూడా ఇనుప గోడేం కాదు.

ఫారం ఇరవై

మూడూ న్యాయమైన అభ్యంతరాలే. అందుకే ఒక ఎన్నికతో ఆగకూడదు. ప్రత్యర్థి మారాక కూడా ఆ తేడా నిలబడిందా చూడాలి.

శ్రీకాకుళంలో 2024లో వైసీపీ అభ్యర్థి మారారు, గాలి తిరగబడింది, ఏడు అసెంబ్లీలూ టీడీపీకే వచ్చాయి. ఆ ఏడింటి మెజారిటీలు కలిపితే రెండున్నర లక్షల పైచిలుకు. లోక్‌సభ మెజారిటీ 3,27,901. తేడా సుమారు 70 వేలు, సగం చేస్తే 35 వేలు. ప్రత్యర్థి మారినా, గాలి మారినా మళ్లీ అదే నూటికి ముగ్గురు చొప్పున! కాబట్టి ప్రత్యర్థి మీది కోపమే మొత్తం కాదు. తేడా అల్లా, 2019లో ఆ ముగ్గురే సీటు నిలబెట్టారు. 2024లో వాళ్లు లేకపోయినా రెండున్నర లక్షలతో గెలిచేవారు.

ఇక పదవి లాభం సంగతి. దానికి విజయనగరం 2024 పరీక్ష. అక్కడ టీడీపీ తరఫున కలిశెట్టి అప్పలనాయుడు మొదటిసారి ఎంపీకి నిలబడ్డారు. మెజారిటీ 2,49,351. ఏడు అసెంబ్లీల్లో కూటమి (టీడీపీ, జనసేన, బీజేపీ) మెజారిటీలు కలిపితే సుమారు 2 లక్షల 30 వేలు. తేడాలో సగం తొమ్మిది వేల లోపు. కొత్త ముఖం కాబట్టి ఇది దాదాపుగా ‘పదవికి ఉన్న లాభం’ అనుకో. దాన్ని తీసేసినా అశోక్‌కి 30 వేలు, రామ్మోహన్‌కి పాతిక వేల దాకా మిగులుతుంది. అందులో కులం వాటా ఎంతన్నది బూతు స్థాయికి దిగితే గానీ తేలదు.

చెయ్యాల్సిన పని:

రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 ఉంటుంది, బూతువారీ ఫలితాల పట్టిక. ఒక్కో అసెంబ్లీకి రెండు ఫారాలు దించుకో, ఒకటి అసెంబ్లీ ఓటుది, రెండోది లోక్‌సభ ఓటుది. ఎక్సెల్‌లో బూతు నంబరు పక్కన నాలుగు గళ్లు పెట్టు: రెండు ప్రధాన పార్టీలు, రెండు ఎన్నికలు. అసెంబ్లీలో తేడా, లోక్‌సభలో తేడా, వాటి మధ్య తేడా. చివరిదాన్ని పోలైన ఓట్లతో భాగించు. చాలామటుకు ఫారాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. 3ని 8గా, 1ని 7గా చదివే మిషన్ల మీద వదిలెయ్యకుండా పేజీ అడుగున ఉన్న మొత్తంతో సరిచూసుకో.

పొరపాట్లు ఎక్కడ వస్తాయంటే: పోస్టల్ ఓట్లు బూతుల్లో కలవవు, చివర విడిగా ఉంటాయి. మెజారిటీ అంకెలో అవి ఉంటాయి, బూతు మొత్తంలో ఉండవు, అందుకే లెక్క కుదరక తల పట్టుకుంటారు. బూతు నంబర్లు ఎన్నికకీ ఎన్నికకీ జరుగుతాయి, ఊరి పేరుతో కలపాలి. 2009కి ముందువి అసలు కలపకు, నియోజకవర్గాల పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రపురం, ఉణుకూరు, తెర్లాం, సతివాడ, భోగాపురం సీట్లే మాయమయ్యాయి. విజయనగరం 2024లో ఇంకో చిక్కు ఉంది. ఎచ్చెర్లలో కూటమి గుర్తు కమలం, నెల్లిమర్లలో గాజు గ్లాసు, లోక్‌సభకి మాత్రం సైకిలు. ఆ రెండు చోట్ల వచ్చే తేడా మనిషిదో గుర్తుదో విడదీయలేం, పక్కన పెట్టెయ్. శ్రీకాకుళంలో ఏడుకి ఏడూ సైకిలే కాబట్టి లెక్క శుభ్రంగా వస్తుంది. ఇంకొకటి, సగం చెయ్యడం అన్నది ఒక ప్రధాన పార్టీ నుంచి రెండోదానికి మారినవాళ్లకే వర్తిస్తుంది. అసెంబ్లీకి మూడో పార్టీకి వేసి లోక్‌సభకి సైకిలుకి వేసినవాడు తేడాలో ఒక్క ఓటే కలుపుతాడు. కాబట్టి నేను చెప్పిన అంకెలు కనీసపు అంచనాలు.

గంటస్తంభం

ఇద్దరూ ఎంపీల దగ్గరే ఆగిపోయారు. ఎమ్మెల్యే సొంత బలం కొలవాలంటే ఇంకో దారి ఉంది: చుట్టుపక్కల సీట్లతో పోల్చడం.

చీపురుపల్లి చూడండి. బొత్స సత్యనారాయణ 2024లో ఓడిపోయారు, తేడా 12 వేల లోపు. అదే రోజు అదే లోక్‌సభ పరిధిలో మిగతా ఆరు సీట్లలో వైసీపీ 20 వేల నుంచి 60 వేల దాకా తేడాతో ఓడింది. అన్నిటికంటే తక్కువ తేడా ఆయనదే. ఆ మిగులు ఆయన సొంతం. అది వాక్చాతుర్యం వల్ల వచ్చింది కాదు, మండలానికి నలుగురు మనుషుల్ని ఇరవై, పాతికేళ్లు నిలబెట్టుకున్నందుకు వచ్చింది. రాజనీతి పండితుడు బర్న్స్ 1978లో చెప్పిన ఇచ్చిపుచ్చుకునే నాయకత్వం అంటే దాదాపు ఇదే: పని చేసిపెట్టు, మనిషిని ఉంచుకో. దీని బలహీనతేంటంటే పార్టీ మునిగితే ఆ మనుషులు కూడా పడవ మారతారు. 2014లో ఆయన కాంగ్రెస్ నుంచి చీపురుపల్లిలో ఓడిపోయారు. ఆ ఎన్నికలో నవ్యాంధ్రలో కాంగ్రెస్‌కి ఒక్క అసెంబ్లీ సీటూ రాలేదు. సొంత ఓటు ఎంతున్నా పార్టీ పునాదే లేకపోతే దేనిమీద నిలబడుతుంది?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1989లో ఎర్రన్నాయుడు (రామ్మోహన్ తండ్రి) టీడీపీ టికెట్ రాక స్వతంత్రుడిగా హరిశ్చంద్రపురంలో గెలిచారు. గుర్తు కొత్తది, పార్టీ లేదు, అయినా నెగ్గారు. అసెంబ్లీ సీటు చిన్నది, ఊరూరా మనిషిని ముఖంతో ఎరిగినవాళ్లు ఉంటారు కాబట్టి అది సాధ్యపడింది. అదే మనిషి వరసగా నాలుగుసార్లు (1996, 98, 99, 2004) ఎంపీగా గెలిచి 2009లో 80 వేల పైన తేడాతో కిల్లి కృపారాణి చేతిలో ఓడిపోయారు. నియోజకవర్గం పెద్దదయ్యేకొద్దీ సొంత పరిచయం పలచబడుతుంది, గాలి పట్టు పెరుగుతుంది. అందుకే సర్పంచి ఎన్నికలో మనిషి, ఎంపీ ఎన్నికలో పార్టీ.

ఇక సినిమా ఆకర్షణ. ఎన్టీఆర్ 1994లో హిందూపురంతో పాటు మన టెక్కలిలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు, తర్వాత టెక్కలి వదులుకున్నారు. 1996 జనవరిలో ఆయన పోయాక ఆ ఏడే జరిగిన పాతపట్నం ఉప ఎన్నికలో ఆయన భార్య లక్ష్మీపార్వతి గెలిచారు. అదే ఏడు లోక్‌సభ ఎన్నికల్లో ఆవిడ నడిపిన ఎన్టీఆర్ టీడీపీకి రాష్ట్రం మొత్తం మీద ఒక్క సీటూ లేదు. ఆకర్షణ వారసత్వంగా రాదా అంటే ఒక చోట, ఒకసారి వస్తుంది. నిలబడాలంటే సభ్యత్వాలు, గ్రామ కమిటీలు, టికెట్ ఇచ్చే పద్ధతి ఉండాలి. ఆ యంత్రాంగం చంద్రబాబు వైపు ఉండిపోయింది.

పిల్లాడికి అన్నిటికంటే పనికొచ్చే అంకె ఇది. 2009లో చిరంజీవి పార్టీకి నూటికి 16 ఓట్ల దాకా వచ్చాయి, 294లో 18 సీట్లు వచ్చాయి. జనసేనకి 2019లో 5.5 శాతం, ఒక సీటు. పవన్ స్వయంగా గాజువాక, భీమవరం రెండూ ఓడారు. 2024లో 6.85 శాతం, 21కి 21 సీట్లు. ఓటు ఒకటిన్నర శాతం కూడా పెరగలేదు, సీట్లు మాత్రం ఒకటి నుంచి 21! ఆకర్షణ ఒక్కసారిగా పెరిగిందా? లేదు. 2019లో రాష్ట్రమంతా పలచగా చల్లారు, 2024లో పొత్తు పెట్టుకుని 21 మళ్లలోనే నీళ్లు కట్టారు. నెల్లిమర్ల, పాలకొండ అలా వచ్చినవే. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే మన పద్ధతిలో అంతటా సమానంగా పరుచుకున్న అభిమానం వృథా పోతుంది.

ఉద్దానం జీడి

జనం వచ్చీసినారంటే ఓట్లు వచ్చీసినట్టేటి? సభ లెక్క ఒకసారి కాగితం మీద పెట్టండి.

మూడొందల బస్సులు పెట్టినారనుకోండి, బస్సుకి 50 మంది, 15 వేలు. అబ్బో అంటారు. అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షల పైన, బూతులు 250, 300 మధ్యన. ఒక్క నియోజకవర్గం నుంచే తెచ్చినా బూతుకి 50, 60 మంది. ఏడు నియోజకవర్గాల నుంచి తెస్తే బూతుకి ఏడెనిమిది మంది. వాళ్లెవరు? ముందునుంచీ ఆ పార్టీ వాళ్లే. బస్సు ఎక్కించిన వాడూ వాళ్ల మనిషే. ఓటు మార్చుకోవాలని ఊగిసలాడేవాడు ఎండలో మూడు గంటలు కూర్చోడానికి రాడు, ఇంటికాడ ఉండి ఫోన్లో చూస్తాడు. కాబట్టి సభ జనాన్ని లెక్కెట్టడం కన్నా, సభ అయిన మరుసటిరోజు టీ కొట్టు కాడ అవతల పార్టీవాడు ఏటి అంటన్నాడో వినడం మేలు.

రెండోది, టైము. 2024లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, ప్రచారం ఆఖరు మే 11 సాయంత్రం. పన్నెండు రోజులు. 280 బూతులుంటే రోజుకి 23 ఊళ్లు. అభ్యర్థి ఎంత మెరుపుగాడైనా ఊరికి పావుగంట మించి నిలబడలేడు. ఆ పావుగంటలో కొత్త ఓటు పుట్టదు, పాతది గట్టిపడతాది అంతే. పరిచయం అన్నది అంతకు రెండేళ్ల ముందే అయిపోవాలి: చావుకి వెళ్లడం, ఆస్పత్రికి ఫోన్ చెయ్యడం, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు తెచ్చి ఇవ్వడం. చెక్కు కాడ తెలివితక్కువ పని ఏటంటే పదిమందిని ఆఫీసుకి పిలిచి ఫొటో తియ్యడం. ఇంటికెళ్లి ఇస్తే వీధంతా చూస్తాది.

మూడోది, బూతులో అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంట్లు. అభిమాని వేరు, ఏజెంటు వేరు. పోలింగు పొద్దున్న 7కి అయితే మాక్ పోలు 90 నిముషాల ముందు, అంటే ఐదున్నరకి లోపలుండాలి. ఏజెంటుగా పెట్టినట్టు ఫారం 10 మీద అభ్యర్థి గాని ఎన్నికల ఏజెంటు గాని సంతకం చేసి ఇవ్వాలి. కనీసం 50 మాక్ ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూసి, వాటిని యంత్రంలోంచి తుడిచీసినారా లేదా అని కళ్లతో చూడాలి. సాయంత్రం 17సి (బూతులో పోలైన ఓట్ల లెక్క ఫారం) కాపీ తీసుకునే దాకా కదలకూడదు. బైకుల మీద జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు వెయ్యిమంది ఉన్నా, ఎదురూరి పెద్దమనిషి పక్కన రోజంతా కూర్చుని ‘ఈ ఓటరు ఊర్లో లేడు’ అని చెప్పగల ఒక్కడు దొరకడు. ఓటర్ల జాబితా మొహమొహానా తెలిసినవాడు కావాలి. మరి మా తీరంలో సగం ఇళ్లల్లో మగాళ్లు హైదరాబాదో, చెన్నయ్యో, గుజరాత్‌ల వేరావలో వెళ్లిపోయుంటారు. ఎవడు వచ్చినాడు, ఎవడు రానేదు అన్నది తెలియనోడు ఏజెంటుగా కూర్చుని ఏటి లాభం?

నాలుగోది, కష్టంలో నిలబడితే ఓట్లు పడిపోతాయన్న నమ్మకం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేసి పని చేయించినారు. 2019లో పలాస 16 వేల తేడాతో పోయింది. 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం నుంచి 700 కోట్ల మంచినీళ్ల పథకం వేరే ముఖ్యమంత్రి ప్రారంభించినారు. 2024లో అదే పలాస 40 వేల తేడాతో ఆయనకీ పోయింది. పెద్ద పని పేరు పైనున్నోడికి వెళ్తాది, పరిహారం జాబితాలో ఎవడి జీడితోట రాసినారు, ఎవడిది వదిలీసినారు అన్న కోపం ఊరి నాయకుడి మీద పడతాది. ఓటు వేసేది ఆ కోపం మీద.

కోట జంక్షన్

జీడి అన్న చివర చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. 2019 ఆగస్టు నుంచి 50 ఇళ్లకి ఒక వాలంటీరు వచ్చాడు. పింఛను, పథకం అన్నీ అతని చేతి మీదుగా, పైన ఒక్కరి పేరుతో ఇంటికి చేరాయి. పనితీరుగా చూస్తే చాలా చురుకైన పద్ధతి. కానీ ఎమ్మెల్యేకి, సర్పంచికి, మండల నాయకుడికి చేసిపెట్టడానికి పనే మిగల్లేదు. తిట్లు మాత్రం మిగిలాయి. ఆకర్షణ అంతా ఒకే మనిషి దగ్గర పోగుపడితే ఆ మనిషి మీద గాలి మారినరోజు కింద ఆపేవాడు ఉండడు. వైసీపీ ఓట్ల శాతం 49.95 నుంచి 39.37కి దిగితే సీట్లు 151 నుంచి 11కి పడ్డాయి. 2019లో టీడీపీకి కూడా ఇంచుమించు అంతే శాతం (39.17) వచ్చి 23 సీట్లు మిగిలాయన్నది గమనించు.

పెదపాడు కుర్రోడు

అందరికీ ధన్యవాదాలు. శ్రీకాకుళం 2014 ఫారాలు దించడం మొదలెట్టాను. ఒక్క సందేహం. మా గైడు ‘ముఖం, గొంతు, ప్రసంగం మీద విదేశీ పరిశోధనలు చూడు’ అంటున్నారు. అవి మన దగ్గర పనికొస్తాయా?

గంటస్తంభం

పరిమితంగా పనికొస్తాయి. టోడొరోవ్ బృందం 2005లో అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలు చూపించి ‘ఎవరు సమర్థుడిలా ఉన్నారు’ అని అడిగితే, ఆ ముఖాలు చూసి చెప్పిన జవాబు నూటికి 70 చోట్ల గెలిచినవాడితో సరిపోయింది. ఆంటొనాకిస్, డాల్గాస్ 2009లో ఫ్రెంచి అభ్యర్థుల ఫొటోలు స్విస్ పిల్లలకి చూపించి ‘ఓడకి కెప్టెన్‌గా ఎవరు కావాలి’ అని అడిగారు. పిల్లలూ దాదాపు అంతే కరెక్టుగా చెప్పారు. ఇవి అభ్యర్థి గురించి వేరే ఏమీ తెలియనప్పుడు ముఖం ఎలా పనిచేస్తుందో చెబుతాయి. మన ఊళ్లలో అభ్యర్థి తాత ఏం చేశాడో కూడా తెలుసు. దాని పైన పార్టీ గుర్తు ఉంది. కాబట్టి ముఖం వాటా ఇక్కడ చిన్నది. మునిసిపల్ వార్డుల్లో కొత్త కాలనీల దగ్గర వెతికితే దొరకొచ్చు.

ప్రసంగం సంగతి వేరు, అది నేర్పగలిగేదే. ఆంటొనాకిస్ దాన్ని పన్నెండు మెలకువలుగా విడగొట్టాడు. తొమ్మిది మాటల్లో: ఉపమానం, కథ, తేడా చూపడం, ప్రశ్న వేసి ఆగడం, మూడేసిగా చెప్పడం, తప్పొప్పుల మీద గట్టిగా నిలబడటం, జనం మనసులోది తాను పలకడం, పెద్ద లక్ష్యం, అది సాధిస్తామన్న ధీమా. మూడు శరీరంలో: గొంతు, ముఖం, చేతులు. ఏదైనా ప్రసంగం వీడియో తీసుకుని వాక్యానికి ఒక టిక్కు పెట్టుకుంటూ వెళ్తే అరగంటలో లెక్క వస్తుంది. వంశధార మీద నేరడి బ్యారేజీ గురించి ఇద్దరు మాట్లాడితే, ఒకరు టీఎంసీలు చదువుతారు, ఇంకొకరు ‘నీళ్లు మన ముందునుంచే సముద్రంలోకి పోతుంటే మన పొలం ఎందుకు ఎండాలి?’ అని ఆగుతారు. రెండోదాంట్లో ఒక్క వాక్యంలో మూడు టిక్కులు పడతాయి. మన యాస అదనపు బలం, కాకపోతే పుట్టుకతో వచ్చిందైతేనే. ఎన్నికలకి తెచ్చిపెట్టుకున్న ‘ఏటి’, ‘నాను’ రెండో వాక్యంలోనే దొరికిపోతాయి, తర్వాత ఏం చెప్పినా నవ్వే.

ఫారం ఇరవై

టిక్కులు పెట్టు, కానీ వాటిని సీటు ఫలితంతో పోల్చకు. ఆ ప్రసంగం జరిగిన ఊరి బూతుల్లో క్రాస్ ఓటింగ్ తేడాతో పోల్చు, పక్కనే ఆ సభ జరగని ఊళ్లు ఐదారు తీసుకుని వాటి తేడా ఎదురుగా పెట్టు. ఊళ్లు ఏరేటప్పుడు కులాల పొందిక, అంతకు ముందు ఎన్నికలో పార్టీ ఓటు దగ్గరగా ఉన్నవి తీసుకో. అభ్యర్థి సొంతూరు, అత్తారూరు రెండూ తీసెయ్, అక్కడ తేడా ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. 2014కి పాతపట్నం ఒక్కటీ జాగ్రత్తగా చూడు: అసెంబ్లీ వైసీపీది, లోక్‌సభ టీడీపీది, అక్కడే మొదటి పట్టిక వెయ్యి.